కిర్రుమనే తలుపు కావలెను

ఆ రోజు ఉదయం రచయితగారి కార్యక్రమం చాలా సులువైనది. భార్య బడికి వెళ్ళగానే ఇంటిని పాడుబెట్టాలి. మధ్యాహ్నం దాకా అందులో ఒంటరిగా కూర్చుని భయపడాలి. ఆ భయం చల్లారకముందే అధ్యాయం రాసేసి, సాయంత్రానికి పబ్లిషరు చేతిలో పెట్టాలి.

ఆయన దయ్యాల నవలలు రాస్తాడు. ఇరవై ఏళ్ళుగా అదే పని. నిజం చెప్పుకోవాలంటే ఆయన దయ్యాల్లో పెద్ద పస ఉండదు. పాలిపోయి ఉంటాయి, నెమ్మదిగా నడుస్తాయి, అడిగినదానికి జవాబు చెప్పవు. అలాంటివాళ్ళు ఏ ఆఫీసులో చూసినా కనిపిస్తారు. పాఠకుల గుండెలు జారేది దయ్యాన్ని చూసి కాదు, అది కాపురముండే ఇంటిని చూసి. సగం నవల అయ్యేదాకా దయ్యం రాదు. అప్పటిదాకా దాని పనంతా ఇల్లే చేసిపెడుతుంది. తేమకు ఉబ్బిన గోడలు, ఎవరూ లేని గదిలో పడే నీటిచుక్క, చీకట్లోకి వంపు తిరిగిన మెట్లు, చెయ్యి వేయకముందే మూలిగే తలుపు. వీటిలో ఒక్కటి కూడా ఆయన ఊహించి రాసింది కాదు. ఆయన అద్దెకున్న పాత ఇంట్లో అవన్నీ ఉండేవి. చూసింది చూసినట్టు రాసేవాడు, జనం లైటు వేసుకుని పడుకునేవారు.

పోయిన నెలలో ఆ ఇల్లు ఖాళీ చేసి, కొత్త అపార్ట్‌మెంటులో మూడో అంతస్తుకు మారారు. అది భార్య ఎన్నాళ్ళ కోరికో. గోడలు తెల్లగా మెరుస్తాయి, తలుపులు వెన్నలా మూసుకుంటాయి, కుళాయి కట్టేస్తే నిజంగానే ఆగుతుంది. ఆవిడకు ప్రాణం లేచివచ్చింది. ఈయన కలానికి మాత్రం పక్షవాతం వచ్చింది. కొత్త నవలలో దయ్యాల బంగళా గురించి రాసిన అధ్యాయాన్ని పబ్లిషరు వెనక్కి పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

"గురువుగారూ, ఈ బంగళా గురించి చదువుతుంటే భయం వేయట్లేదండీ. అద్దెకి తీసుకుందామనిపిస్తోంది."

"గాలీ వెలుతురూ కాస్త ఎక్కువయ్యాయేమో..."

"కాస్తా? మీ హీరోయిన్ నేలమాళిగలోకి దిగితే అక్కడ టైల్స్ పరిచున్నాయి! సాయంత్రానికి నన్ను భయపెట్టే అధ్యాయం ఇవ్వండి. లేదంటే ఈ నవల ఇక్కడితో ఆపేద్దాం. మిమ్మల్ని ఊరికే కూర్చోబెట్టన్లెండి. వాషింగ్ మెషీన్ వాళ్ళకి, మెషీన్ ఎలా వాడాలో రాసిపెట్టే మనిషి కావాలిట."

ఇరవై ఏళ్ళు జనాన్ని వణికించిన మనిషి ఇక 'మూత గట్టిగా మూయవలెను' అని రాసుకుంటూ బతకాలి. ఆ ఊహకే ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ అది దుఃఖమే తప్ప భయం కాదు కాబట్టి, అధ్యాయానికి పనికిరాలేదు.

"ఏవండీ, భోజనం టేబుల్ మీద పెట్టాను. ఇల్లు జాగ్రత్త, నిన్ననే కడిగించాను," అంది భార్య చెప్పులు వేసుకుంటూ. ఆవిడ దగ్గర్లోని బడిలో లెక్కలు చెబుతుంది.

"నువ్వేం దిగులు పెట్టుకోకు. నేను చూసుకుంటాగా."

"మీరు చూసుకుంటానంటేనే నాకు దిగులు."

ఆవిడ గొడుగు కోసం లోపలికి వెళ్ళిన క్షణంలో ఆయన తన ఫోన్‌ని ఆవిడ సంచిలో పడేశాడు. ఎంత ఘోరమైన బంగళా అయినా సరే, ఫోనుందంటే కథ రెండో పేజీలో ముగిసిపోతుంది. హీరో ఎవరికో ఒకరికి ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్ళమంటాడు. కాబట్టి ఫోను ఇంట్లో ఉండకూడదు.

ఆవిడ వెళ్ళగానే కిటికీలకు దుప్పట్లు కట్టాడు. స్నానాలగదిలో కుళాయి కింద స్టీలు బేసిన్ పెట్టి చుక్క చుక్కగా వదిలాడు. కొత్త కుళాయి కావడంతో చుక్కలు లెక్కపెట్టినట్టు క్రమంగా పడ్డాయి. పాత ఇంటి కుళాయి అలా కాదు; తరవాతి చుక్క ఎప్పుడు పడుతుందో దానికే తెలిసేది కాదు. సరే, ఉన్నదాంతో సర్దుకుందామనుకున్నాడు. ఇక మిగిలింది తలుపు. దానికోసం వీధి చివరిదాకా వెళ్ళి వడ్రంగి మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు.

మేస్త్రీ వీధి తలుపును నాలుగుసార్లు తెరిచి మూశాడు. చెవి ఆనించి విన్నాడు.

"ఏం రోగం లేదే సార్ దీనికి?"

"అదే రోగం. దీన్ని కిర్రుమనిపించాలి."

మేస్త్రీ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. "కిర్రుమనే తలుపుల నోరు మూయించడమే సార్ నా వృత్తి. నా చెయ్యి పడ్డాక చప్పుడు చేసిన తలుపు లేదు ఈ చుట్టుపక్కల. మీరేమో ఉన్న మంచి తలుపుని చెడగొట్టమంటున్నారు. నా ఉసురు పోసుకోకండి."

రచయిత బతిమాలాడు. నవల సంగతి చెప్పాడు. చివరికి వాషింగ్ మెషీన్ సంగతీ చెప్పాడు. మేస్త్రీ మెత్తబడ్డాడు. ఎంతైనా తనూ చేతిపని మీద బతికేవాడే.

"సరే కానీండి. ఎలాంటి కిర్రు కావాలి మీకు?"

"పొడుగ్గా ఉండాలి. తెరిచేవాడు మనసు మార్చుకునేంత పొడుగ్గా. మధ్యలో ఒకసారి ఆగాలి."

"ఆగడమెందుకు?"

"అసలు భయం అక్కడే. చప్పుడులో కాదు."

"అలాగైతే చప్పుడెందుకు సార్? ఊరికే ఆగితే పోలా?"

రచయిత మాట మార్చి, ముందు పని చూడమన్నాడు. మేస్త్రీ మడతబందుల్లో గ్రీజు తుడిచేసి, చిటికెడు ఇటుకపొడి వేసి చూశాడు. తలుపు పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. రచయిత తల అడ్డంగా ఊపాడు. ఇంకాస్త పొడి వేశాడు. ఈసారి చప్పుడు వచ్చింది కానీ, అది అచ్చం రచయిత మామగారు పడక్కుర్చీలోంచి లేచినట్టుంది. చివరికి మేస్త్రీకి పట్టుదల వచ్చి, పై బందు స్క్రూలు సగానికి సగం వదులు చేశాడు. తలుపు ఒక పక్కకు ఒరిగింది. మెల్లగా లాగితే... వచ్చింది! పొడుగ్గా, లోతుగా, మధ్యలో ఒక్కసారి ఊపిరి బిగబట్టి, మళ్ళీ మొదలైంది. ఇద్దరి చేతుల మీదా వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"అద్భుతం!" అన్నాడు రచయిత.

"ఛీ ఛీ," అన్నాడు మేస్త్రీ. "ఇది నేను చేశానని మాత్రం ఎవరికీ చెప్పకండి సార్, పుణ్యముంటుంది. ఈ స్క్రూలు నిలబడవు, పొడుగువి పట్టుకొస్తాను. నేనొచ్చేదాకా తలుపు ముయ్యకండి. మూశారంటే గడపకి పట్టేస్తుంది."

మేస్త్రీ కిందికి దిగేసరికి వాచ్‌మన్ మెట్ల దగ్గర నిలబడి పైకి చూస్తున్నాడు.

"ఏంటయ్యా ఆ చప్పుడు?"

"మూడో అంతస్తు తలుపు."

"మొన్న బిగించిందేగా? దానికేం వచ్చింది? నువ్వేమన్నా చేశావా?"

మేస్త్రీ కళ్ళముందు తన పరువు మొత్తం కదిలింది. "నేను ముట్టుకోనేలేదు! దానంతటదే మూలుగుతోంది. ఎందుకో నాకూ అంతుపట్టలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి పని చూడలేదు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ గట్టిగా అతికింది. మేస్త్రీ స్క్రూల కోసం కొట్టుకు వెళ్ళగానే వాచ్‌మన్ ఇంటర్‌కమ్ అందుకున్నాడు. మొదటి ఫ్లాటుకు ఒక్క తలుపే చేరింది. తరవాతి ఫ్లాటుకు చేరేటప్పటికి ఆ తలుపు వెనక ఒక ఆడమనిషి నిలబడింది. అపార్ట్‌మెంటు ప్రెసిడెంటుగారి దాకా వెళ్ళేసరికి ఆవిడ మెట్ల మీద నడవడం కూడా మొదలుపెట్టింది. ఎవరూ బయటికి రావద్దని వాచ్‌మన్ తన వంతు సలహా కూడా చేర్చాడు. అందరూ బుద్ధిగా తలుపులు వేసుకున్నారు.

ప్రెసిడెంటుగారు అలా భయపడే రకం కాదు. రిటైరయ్యాక ఆయనకు ఆ అపార్ట్‌మెంటే ఆఫీసు. "నాతో మాటమాత్రం చెప్పకుండా నా బిల్డింగులోకి దయ్యమా?" అంటూ లిఫ్టెక్కి మూడో నంబరు నొక్కారు.

అదే సమయానికి మూడో అంతస్తులో రచయిత వరండాలోని స్విచ్చుల పెట్టె తెరిచి నిలబడి ఉన్నాడు. తన ఫ్లాటుకు కరెంటు తీసేయాలని ఆయన ఉద్దేశం. ఏది ఎవరిదో ఆ పెట్టెలో రాసిలేదు. ఒకటి దించాడు. ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. పక్కది దించాడు. మెట్ల దీపాలు ఆరిపోయాయి. ఇంకొకటి దించాడు. లిఫ్టు ఎక్కడో గుటక మింగినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. ఆ పక్కది దించాక తన ఫ్యాను ఆగింది. మిగతావి పైకెత్తాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. వరండా కూడా చీకటిగా ఉండటం ఆయనకు బాగానే ఉంది. లోపలికి వెళ్ళి, కిర్రు పూర్తిగా వినాలన్న ముచ్చటతో తలుపు మూశాడు.

తరవాత టేబుల్ ముందు కూర్చుని, దుప్పటి సందులోంచి వచ్చే కాస్త వెలుగులో రాయడం మొదలుపెట్టాడు. తలుపు గురించి ఒక పేజీ, నీటిచుక్క గురించి ఒక పేజీ అలవోకగా సాగిపోయాయి. మూడో పేజీలో ఏం రాయాలా అని తలెత్తేసరికి, వంటగది గోడలోంచి ఒక మూలుగు వినిపించింది.

ఆ గోడకు అవతల లిఫ్టు దారి. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్యన ఇరుక్కున్న ప్రెసిడెంటుగారు, తొందరలో ఫోను ఇంట్లోనే వదిలేసి రావడంతో, కరెంటు వేయమని కేకలు పెడుతున్నారు. అంత ఇరుకు దారిలో పైకెక్కి, ఇటుకలు దాటి వచ్చేసరికి ఆ కేకల్లో మాటలన్నీ రాలిపోయి మూలుగు మాత్రం మిగిలింది.

"భేష్! ఇదే కావాల్సింది నాకు!" అనుకుని రచయిత రాసుకుపోయాడు. ఆయన ఎంత గట్టిగా మూలిగితే ఈయన అంత బాగా రాశాడు. అర పేజీ అయ్యాక కలం దానంతటదే ఆగింది. తలుపు తను చేయించింది. చుక్క తను వదిలింది. మరి ఈ మూలుగు?

భయం వేసింది. ఇరవై ఏళ్ళుగా టోకున అమ్మిన సరుకు మొదటిసారి సొంతింటికి వచ్చింది. ఒక్క ఉదుటున వెళ్ళి తలుపు లాగాడు. గడపకు పట్టేసిన తలుపు అంగుళం కదల్లేదు గానీ, మేస్త్రీ పనితనం మాత్రం మొత్తం వినిపించింది. ఇంటర్‌కమ్ ఎత్తాడు, కరెంటుతోపాటు అదీ పోయింది. "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు. ఆ అరుపు వంటగది గోడలోంచి కిందికి దిగి, లిఫ్టులో ఉన్న ప్రెసిడెంటుగారి నెత్తిమీద మూలుగై పడింది. ఆయన వణికిపోయి ఇంకా పెద్ద కేక పెట్టారు. అది విని ఈయన అంతకంటే పెద్దగా అరిచాడు. అలా ఇద్దరు పెద్దమనుషులు, సాయం కోసం ఒకరినొకరు పిలుచుకుంటూ, ఒకరిని చూసి ఒకరు కూడా కాదు, చూడకుండానే హడలిపోయారు.

మేస్త్రీ పొడుగు స్క్రూలతో తిరిగొచ్చి మొదటి మెట్టు మీద కాలు పెట్టేసరికి, పైనుంచి కిర్రు వినబడింది.

"నువ్విక్కడే ఉన్నావుగా?" అన్నాడు వాచ్‌మన్. "మరి అక్కడ లాగుతున్నదెవరు?"

"సార్ అయ్యుంటాడు... కాదే, ముయ్యొద్దని చెప్పొచ్చానే. అంత చదువుకున్నాయన, చెప్పిన మాట వినకుండా ఉంటాడా?" మేస్త్రీ ముఖం వాడిపోయింది. మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "నోటికొచ్చిందేదో అన్నానయ్యా. అన్నంత పనీ అయింది."

మూడో అంతస్తులో రచయిత తలుపుకున్న అద్దపు కన్నంలోంచి బయటికి చూస్తున్నాడు. వరండా అంతా చీకటి. ఎదురింటి తలుపు కన్నంలో మాత్రం సూదిమొనంత వెలుగు. వాళ్ళింట్లో దీపం ఉంది, మనుషులున్నారు.

"ఏవండీ! ఎదురింటివాణ్ణి! తలుపు పట్టేసింది!"

ఆ వెలుగు ఆరింది. ఎవరో వచ్చి కన్నానికి కన్ను ఆనించారు. ఆయనకు ప్రాణం లేచివచ్చినట్టయింది. వాళ్ళకు కనిపించదని తెలిసి కూడా చెయ్యి ఊపాడు. కాసేపటికి వెలుగు మళ్ళీ వెలిగింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. మళ్ళీ పిలిచాడు. ఆరింది. వెలిగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. పేరు పెట్టి పిలుద్దామనుకున్నాడు. పేరు తెలియదు. నెల రోజుల్లో ఒక్కసారి లిఫ్టులో కలిసినప్పుడు ఇద్దరూ అంతస్తుల నంబర్ల వంక చూస్తూ నిలబడ్డారు. గొంతు బొంగురుపోయాక, ఇంకేం చేయాలో తోచక, ఆయన టేబుల్ దగ్గరికి వెళ్ళి ఇంకో పేజీ రాశాడు.

ఇంతలో పబ్లిషరు వచ్చాడు. ఆ దారిన వెళుతూ, అధ్యాయం ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని ఆగాడు. వాచ్‌మన్ చెప్పిందంతా విని పెద్దగా నవ్వాడు.

"దయ్యాలు నాకు కొత్తేంటయ్యా? వాటిని అచ్చు వేసుకునే బతుకుతున్నా."

మొదటి అంతస్తు దాకా ఆ నవ్వు ఉంది. కిటికీల్లేని మెట్లు, రెండు పక్కలా మూసిన తలుపులు. ఆయన దాటుతుంటే ఒక్కో తలుపు కన్నంలోనూ వెలుగు ఆరి, దాటిపోయాక వెలుగుతోంది. రెండో అంతస్తు దగ్గర లిఫ్టులోంచి వినబడుతున్న మూలుగు ఆయన అడుగుల చప్పుడుకు టక్కున ఆగిపోయింది. మెట్ల మీద నడుస్తుందన్న ఆడమనిషి ఇదేనని లోపల ప్రెసిడెంటుగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడే పైనుంచి పొడుగ్గా కిర్రు. మధ్యలో ఆగింది. పబ్లిషరు కూడా ఆగాడు. రచయితకు ఫోన్ చేశాడు. అటునుంచి ఒక ఆడగొంతు, గుసగుసగా:

"ఎవరు?"

"అమ్మా... నువ్... నువ్వెవరివమ్మా?"

పిల్లలకు పరీక్ష పెట్టి, తరగతిలో నిలబడి ఉన్న లెక్కల టీచరు గొంతు ఇంకా తగ్గించింది. "మీరా? ఈయన ఫోన్ నా సంచిలో ఎందుకుందా అని చూస్తున్నాను. మీకెందుకలా మాట తడబడుతోంది? మా ఇంట్లో కరెంటుందా?"

"లేదు."

"తలుపు చప్పుడు చేస్తోందా?"

"చేస్తోంది."

"అనుకున్నాను. కదలకండి, వస్తున్నా."

పబ్లిషరు కదల్లేదు. కదలమన్నా కదిలేవాడు కాదు.

ఆవిడ వచ్చి స్విచ్చులన్నీ పైకెత్తింది. లిఫ్టు మూడో అంతస్తుకు చేరి, చెమటతో తడిసిన ప్రెసిడెంటుగారిని బయటికి వదిలింది. ఆవిడ తలుపు పిడి పట్టుకుని పైకెత్తి, భుజంతో ఒక్క తోపు తోసింది. తెరుచుకుంది. పాత ఇంట్లో ఇరవై ఏళ్ళు ఆవిడ అలాగే తెరిచేది. ఆ తలుపు గురించి అన్ని నవలలు రాసినాయన దాన్ని ఒక్కసారి కూడా తన చేత్తో తీసిన పాపాన పోలేదు.

"నా ఇల్లు!" అంది దుప్పట్లు చూసి. ఆయన ముఖం చూశాక తిట్లన్నీ వాయిదా వేసుకుంది.

పబ్లిషరు మంచినీళ్ళు తాగి, తేరుకుని, కాగితాలు అందుకున్నాడు. తలుపు గురించి చదువుతూ నవ్వాడు. కిర్రు వెనక ఇటుకపొడి ఉందని అప్పటికే మేస్త్రీ వచ్చి ఒప్పేసుకున్నాడు మరి. నీటిచుక్క దగ్గర ఇంకా నవ్వాడు. మూలుగు దగ్గర ప్రెసిడెంటుగారే అడ్డం వచ్చారు.

"మూలుగేంటండీ? కరెంటు వేయమన్నాను. మర్యాదగానే అన్నాను."

"లాభం లేదు గురువుగారూ," అన్నాడు పబ్లిషరు. "ఎలా చేశారో తెలిశాక భయమెక్కడిది? నేను వాషింగ్ మెషీన్ వాళ్ళకి..." అంటూనే చివరి పేజీ తిప్పాడు.

ఆ పేజీలో బంగళా లేదు. తలుపు కిర్రుమనలేదు. తెల్లటి గోడలున్న కొత్త ఇల్లు, తళతళలాడే వరండా. లోపలినుంచి ఒక మనిషి పిలుస్తుంటాడు. ఎదురింటి కన్నంలో వెలుగు ఆరుతుంది, వెలుగుతుంది. మళ్ళీ పిలుస్తాడు. మళ్ళీ ఆరుతుంది, వెలుగుతుంది. అంతే.

పబ్లిషరు దాన్ని రెండోసారి చదివాడు. ఈసారి నవ్వలేదు.

"అంతసేపు పిలిచారా?" అంది భార్య మెల్లగా.

"పిలిచాను."

"నేనూ పిలిచాను," అన్నారు ప్రెసిడెంటుగారు నేల చూస్తూ.

పబ్లిషరు కాగితాలు మళ్ళీ వరసగా సర్దాడు. "బంగళా తీసేయండి. దయ్యాన్నీ తీసేయండి. కథంతా ఇక్కడే జరగాలి, ఈ అంతస్తులోనే. నవల వేస్తున్నాను."

"మరి వాషింగ్ మెషీన్?"

"దానికి ఇంకెవరినైనా చూసుకుంటాలెండి."

రచయిత కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోవాలని కూడా అనుకోలేదు. పబ్లిషరు కాగితాలు సంచిలో పెట్టుకుని, సెలవు తీసుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా మెరుస్తోంది. తలుపులన్నీ మూసి ఉన్నాయి.

"అమ్మా, కాస్త కిందిదాకా తోడొస్తారా?"

"లిఫ్టు పనిచేస్తోందండీ. లైట్లు కూడా అన్నీ వేసే ఉన్నాయి," అంది ఆవిడ.

"అందుకేనమ్మా," అన్నాడు పబ్లిషరు.